రామక్క నిలబెట్టిన మగ్గం గోడ

పెనుకొండ నుంచి వచ్చే పాసింజరు బండిలో గంపలతో దిగే ఆడవాళ్లు చాలామందే ఉంటారు. ఒకరి గంపలో కరివేపాకు, ఇంకొకరి గంపలో సీతాఫలాలు. రామక్క గంపలో మాత్రం తాపీ, సుత్తి, రెండు ఉలులు, తూకం గుండు, వాటి పైన సంగటి డబ్బా ఉంటాయి. టికెట్లు చూసేవాడు కొత్తవాడైతే, "ఏమ్మా, మీ ఆయన పనిముట్లా?" అని అడుగుతాడు. "కాదప్పా, పనిముట్లు నావి. మొగుడూ నావోడే, ఎనక వస్తాండాడు చూడు" అంటుంది. వెనక ఆశీర్వాదం కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని నవ్వుకుంటూ దిగుతాడు.

ఈమెను గురించి మా వీధిలో తలా ఒక మాట చెబుతున్నారు. అందులో సగం అబద్ధాలు. మంత్రం వేసి గోడ నిలబెట్టిందని ఒకతె, గోడలో వెండి కాసు పెట్టిందని ఒకతె. జరిగింది నా ఇంట్లో. చూసింది నేను. మూడో తరగతితో బడి మానేసినా చూసింది చూసినట్టు రాయడానికి అంతకంటే చదువు అక్కర్లేదు.

మాది ధర్మవరంలో నేతవాళ్ల ఇల్లు. మా మామగారి నాయన రాయి, మట్టి కలిపి కట్టించిన మిద్దె. నడిమి గది మగ్గానిది. మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని నేస్తాం. గుంత వాకిలి పక్కన ఉంటుంది. చీరకు నిలువు పోగులుంటాయే, ఆ పడుగు అక్కడి నుంచి గది పొడుగునా సాగి, ఆ చివర పడమటి గోడలో దిగ్గొట్టిన కొయ్యకు తాడుతో బిగించి ఉంటుంది. మిద్దె దూలం ఒక కొస కూర్చున్నది కూడా ఆ పడమటి గోడ మీదే. ఆ గోడ ఉంటే మగ్గమూ ఉంది, ఇల్లూ ఉంది. లేకపోతే రెండూ లేవు.

చినుకు కోసం మొహం వాచే మా ఊళ్లో రెండేళ్ల కింద వానలు విడవకుండా కురిశాయి. చెరువు నిండి, కట్ట చివరి మరవ మీదుగా నీళ్లు పొర్లి పారాయి. పిల్లలు మరవ నీళ్లలో ఎగిరారు, పెద్దవాళ్లు ఫోటోలు దిగారు. మా పడమటి గోడకు మాత్రం రోగం వచ్చింది. నడుము ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పూసింది. సిమెంటు పెచ్చులు చేటంత వెడల్పున ఊడి పడ్డాయి. గోడ లోపలికి పొట్ట తేలింది. దూలం కింద పడిన చీలికలో నా బొటనవేలు పట్టింది.

మా అబ్బాయి ఉమాశంకర్ ఓబుళప్పను పిలుచుకొచ్చాడు. ఓబుళప్ప మా వీధివాడే. ఇళ్ల కాంట్రాక్టరు. చొక్కా జేబులో రెండు ఫోన్లు, నోట్లో ఎప్పుడూ వక్క. గోడను వాకిట్లో నుంచే చూశాడు.

"పడగొట్టల్ల" అన్నాడు. "పిల్లర్లు లేపి స్లాబు ఏసుకోండి. వానలు రాకముందే నేను ముగించిస్తా."

"మరి మగ్గం?" అన్నాను.

"గుంత పూడ్చల్ల. ఈ కాలంలో ఇంగ గుంతలో ఎవరు కూర్చుంటారు సరోజమ్మా?"

"నేను కూర్చుంటా. నీకేమన్నా నొప్పా?"

ఓబుళప్ప మా అబ్బాయి వైపు చూశాడు. మా అబ్బాయి మిద్దె వైపు చూశాడు. నాతో మాట పడేటప్పుడు వాడికి మిద్దె మీద ఏదో కనిపిస్తుంది, పాపం.

పెనుకొండలో పాత ఇళ్లు బాగుచేసే ఆశీర్వాదం అనే మేస్త్రి ఉన్నాడని మాకు జరీ తెచ్చే సాబ్జాన్ చెప్పాడు. ఉమాశంకర్ ఫోన్ చేశాడు. మరుసటి రోజు మేస్త్రి ఒక్కడే వస్తాడనుకుంటే మొగుడూ పెళ్లాలు వచ్చారు.

ఇక్కడ రామక్క కథ కొంచెం చెప్పాలి. ఆమె పుట్టింది హిందూపురం అవతల, తెలుగూ కన్నడమూ ఒకే కంచంలో తినే పల్లెలో. పద్దెనిమిదో ఏట పెనుకొండ ఆశీర్వాదాన్ని చేసుకుంది. పెళ్లయిన వారానికే తట్ట నెత్తికెక్కింది. అప్పట్లో పెనుకొండలో పాత రాతి కట్టడాల మరమ్మతు జరుగుతుండేది. ఖాజాసాబ్ అని ముసలి గచ్చు మేస్త్రి ఉండేవాడట. సున్నం ఎన్నాళ్లు నానాలి, బెల్లం నీళ్లు ఎప్పుడు పొయ్యాలి, చెమ్మ తాగిన గోడను ఎక్కడ విప్పాలి, ఎక్కడ ముట్టకూడదు, అన్నీ ఆయన మగవాళ్లను వరసగా నిలబెట్టి అరిచి అరిచి చెప్పేవాడట. రామక్క పక్కనే గుంతలో సున్నం కలుపుతూ ఉండేది. ఆయన చెప్పింది మగవాళ్లకు, మనసుకు పట్టించుకున్నది ఈమె. ఆ మగవాళ్లలో సగం మంది తరువాత సిమెంటు పనుల్లో పడి అంతా మరిచిపోయారు.

సున్నం పనులు తగ్గాక మొగుడూ పెళ్లాలు పదేళ్లు హిందూపురంలో అపార్టుమెంట్ల పనికి పోయారు. అక్కడే ఆశీర్వాదం పరంజా పలక మీద నుంచి జారి పడ్డాడు. కుడి భుజం మళ్లీ పైకి లేవలేదు. అప్పటి నుంచి ఆయన పేరుతో పని వచ్చేది, ఆమె చేత్తో పని జరిగేది. గోడ ఈమె కడుతుంది, జనం ఆశీర్వాదం మేస్త్రి గోడ అంటారు. ముప్పై ఏళ్లలో ఎవరూ ఆమెను మేస్త్రి అని పిలవలేదు. ఆమె అడగనూ లేదు, మా ఇంటికి వచ్చేదాకా.

మా ఇంట్లో ముందుగా ఆశీర్వాదమే నోరు తెరిచాడు.

"చెరువు నిండినాది కదమ్మా, నేల్లో ఊట ఎక్కినాది. పాత పూత గీకేసి ఇంగో పూత సిమెంటు గట్టిగా ఏస్తే..."

"సుమ్మనుండు మేస్త్రీ" అంది రామక్క. నోరు మూసుకో అనడానికి హిందూపురం వైపు మర్యాదగా అలాగే అంటారు. ఆమె వేలి కణుపుతో గోడను కింద నుంచి పైకి కొట్టుకుంటూ పోయింది. ఒకచోట ఠంగుమంది, ఒకచోట డొప్పమంది. తరువాత తెల్లటి పొడి గోటితో గీకి నాలుక మీద వేసుకుంది.

"థూ! ఏం పని మ్మే అది?" అన్నాను.

"ఉప్పమ్మా. పైనుంచి కారిన వాన నీళ్లయితే ఇంత ఉప్పు తేవు. ఇవి నేల్లోంచి ఎక్కిన నీళ్లు. కానీ చెరువు నీళ్లయితే వీధంతా ఎక్కల్ల. పక్కింటి గోడ ఎట్లుండాది?"

"దాని గోడకేం, గుండ్రాయిలా ఉంది. దాని నీళ్లే మా గోడకు వస్తున్నాయి" అన్నాను.

పక్కింటామె నరసక్క. ఆమె స్నానాల గది తూము మా పడమటి గోడ వైపే ఉంది. దాని గురించి మా ఇద్దరికీ పద్నాలుగేళ్లుగా తగాదా. వార్డు మెంబరు వచ్చి చూశాడు, పోలీసు వచ్చి చూశాడు. తూము మూయించలేదు.

రామక్క వెళ్లి నరసక్క తూము చూసింది. తిరిగొచ్చి, "నీళ్లు అటు పోతాండాయమ్మా, ఇటు గాదు" అంది. "రేప్పొద్దున బండికే వస్తా. మీరు తలుపు తీసినకాన్నుంచి ఏమేమి చేస్తారో చూడల్ల."

మరుసటి పొద్దున ఆమె మగ్గం గదిలో మూలకు కూర్చుంది. నేను రోజూ చేసేదే చేశాను. గది ఊడ్చాను. రెండు బిందెలు నీళ్లు తెచ్చి పడుగు కింద, గుంత దగ్గర నుంచి గోడ దాకా పారేలా పోశాను.

"ఇది ఏంటికమ్మా?" అంది.

"ఏంటికేమిటి? ఎండిన గాలికి పట్టు పోగు పుటుక్కున తెగుతుంది. గదిలో చెమ్మ ఉండాలి. ఇది నేతవాళ్ల పద్ధతి, నీకు తెలియదు."

"దినమూనా?"

"పండగ రోజు కూడా తప్పను."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి. నలభై ఏడేళ్లు."

రామక్క మోకాళ్ల మీద చేతులు వేసుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు ఉమాశంకర్ లేచి వచ్చాడు.

"తల్లీ, దినానికి రెండు బిందెలు గోడకు తాపినావు. అది తాగి తాగి ఉబ్బినాది. ఒకప్పుడు మట్టి పూత ఉండె, తాగిన నీళ్లు చెమటలాగా బయటికి పోతాండె. మీరు బాగుండాలని రెండు పక్కలా సిమెంటు తొడిగిస్తిరి. ఇంగ యాడికి పోతాది? పైకెక్కినాది, దూలం కొసను కూడా తినేసినాది."

నేను ఖాళీ బిందెలు రెండూ కాలితో మూలకు నెట్టాను. గోడ అవతల నుంచి ఏదో ముక్కుతో నవ్విన చప్పుడు వచ్చింది. నరసక్క చెవి గోడకే ఆనించి ఉంది. ఆ రోజు ఆమె పండగ చేసుకుంది. వీధి వీధికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ పంచినా నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

గోడ నిలుస్తుందా అని ఉమాశంకర్ అడిగాడు. నిలుస్తుంది, కానీ కింది వరసల్లో మట్టి నానిపోయి రాళ్లు వదులైపోయాయి, మూర మూర చొప్పున విప్పి కొత్త రాయి పెట్టాలి, దూలం కొస కింద రాతి కూసం, అంటే నిలువు బండ పెట్టాలి అని రామక్క చెప్పింది. ఆ మాట చెవిన పడి ఓబుళప్ప సాయంత్రం మా అరుగు మీదకు వచ్చాడు.

"మిద్దె మీద ఉండంగానే కింద రాళ్లు పీకుతారంట. ఎవరు పీకేది? ఆశీర్వాదం చెయ్యి లేవదు."

"నేను" అంది రామక్క.

"నువ్వు మేస్త్రివా?"

ఆశీర్వాదం ఏదో అనబోయాడు. రామక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంతవరకూ ఎవరూ అన్లేదప్పా. ఈ గోడ నా చేత్తో నిలబడితే నేను మేస్త్రిని. పడిపోయినాదంటే తాపీ మా ఆయ్న పెట్టెలో పెట్టి, రేపట్నించి నీ దగ్గర ఇటుకలు మోస్తా. సరేనా?"

"సరే" అన్నాడు ఓబుళప్ప, వక్క ఉమ్మి. "మా దగ్గర ఇటుకలకేం కొదవలేదు."

అరుగు చుట్టూ పదిమంది విన్నారు. ఇక వెనక్కి పోయే దారి లేదు. ఆ రాత్రికి ఈ పందెం సంగతి పెనుకొండ దాకా పాకింది కనుక పెనుకొండ మగ మేస్త్రీలు ఒక్కరూ ఆమె కింద పనికి రామన్నారు. ఆమె ఇద్దరు కూలి ఆడవాళ్లను తెచ్చుకుంది. మూడో మనిషి కావాలంటే నరసక్క తనంతట తానే వచ్చింది. గోడ మీద ప్రేమతో కాదు, నా మొహం దగ్గర నుంచి చూడడానికి.

ఉగాది దాటాక పని మొదలైంది. ముందు సిమెంటు రెండు వైపులా చెక్కేశారు. గోడ తడి బట్టలు విప్పిన పసిపిల్లలా ఉంది. రామక్క దాన్ని నెల రోజులు ముట్టలేదు. "ఆరనీ" అంది. ఆ నెలంతా వాకిట్లో తొట్టిలో సున్నం నానింది. గోడ బయట వైపు మోకాలి లోతు కాలవ తీసి కంకర నింపించింది. నేను రోజూ పొద్దున బిందె మీద చెయ్యి వేయడం, ఆమె దూరం నుంచే "అమ్మా" అనడం, నేను బిందె దించడం. అంత బుద్ధిగా నేను మా అత్తగారి మాట కూడా వినలేదు.

మగ్గం మీద అప్పటికి సగం నేసిన చీర ఉంది. గోడ విప్పేటప్పుడు కొయ్య కదులుతుంది కదా, పడుగు కోసేద్దాం అన్నాడు ఉమాశంకర్. సగం చీర మీద పడుగు కోయడమంటే మా ఇళ్లలో అపశకునం కంటే ఎక్కువ.

"కోసేది లేదు" అంది రామక్క. "నాకది కావల్ల."

"నీకెందుకు?"

"హిందూపురంలో ఇంజనీర్లు పగులు మీద గాజు ముక్క అతికిస్తారు. గోడ కదిలితే గాజు పగుల్తాది. అప్పటికి గోడ కదిలిపోయి ఉంటాది. మీ ఇంట్లో గాజు కంటే తెలివైంది ఉండాది. గోడ లోపలికి వంగితే పడుగు వదులైతాది, బయటికి ఒరిగితే బిగుస్తాది. రవ్వంత కదిలినా పోగుకు తెలుస్తాది. పోగుకు తెలిసింది ఎవరికి తెలుస్తాదో ఆ మనిషి నాకు కావల్ల."

అందరూ నా వైపు చూశారు. నేను లేచి చీర కుచ్చిళ్లు దోపుకుని గుంతలో దిగాను.

ఆ రోజు నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. గుంత వాకిలి పక్కన ఉంది కాబట్టి నేను గోడకు దూరంగానే ఉన్నాను. రెండు చేతుల వేళ్లూ పడుగు మీద ఆనించి కూర్చున్నాను. దూలం కింద మూడు ఇనుప జాకీలు నిలబెట్టారు. నడిమి జాకీ దగ్గర నరసక్క. రామక్క గోడ కింద మోకాళ్ల మీద కూర్చుని ఉలి పెట్టింది. ఆశీర్వాదం వాకిట్లో కుర్చీ వేసుకుని ఎడమ చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. ఓబుళప్ప కిటికీ దగ్గర. ఆయన వెనక వీధి.

మొదటి మూరలో రాళ్లు తీసి కొత్త రాయి పెట్టింది. పడుగు కదల్లేదు. ఒక మూర వదిలేసి ఇంకో మూర. కదల్లేదు. మూడో విప్పు సరిగ్గా దూలం కింద. అక్కడి రాయి పట్టి లాగబోయింది.

నా ఎడమ చేతి చిటికెన వేలి కింద పోగులు మెత్తబడ్డాయి. కంటికి ఏమీ కనపడలేదు. నలభై ఏడేళ్ల వేలు గనుక తెలిసింది.

"ఆగు!" అని అరిచాను.

"తియ్, తియ్, ఏం కాదు" అన్నాడు ఆశీర్వాదం వాకిట్లోంచి.

"సుమ్మనుండు మేస్త్రీ!" రామక్క చెయ్యి రాయి మీద నుంచి తీయకుండానే, "యా పక్క అమ్మా?" అంది.

"ఎడమ. వదులవుతోంది. ఇంకా అవుతోంది."

ఆమె తల తిప్పి జాకీల కాళ్లు చూసింది. ఎడమ జాకీ కాలు నేలలోకి రెండు వేళ్లంత దిగిపోయింది. పైన ఆరినట్టు కనపడిన నేల లోపల ఇంకా మెత్తగానే ఉంది. అది కూడా నేను పోసిన నీళ్ల పుణ్యమే అని చెప్పడానికి ఆ క్షణంలో ఎవరికీ తీరిక లేదు. ఆ మాట తరువాత నరసక్క తీరుబడిగా చెప్పింది.

"రాయి నేను పట్టుకుంటా. జాకీ కిందికి వెడల్పు బండ కావల్ల. ఇప్పుడే."

"పెరట్లో బట్టలుతికే బండ" అన్నాను. కూలి ఆడవాళ్లిద్దరూ పరుగెత్తారు. వాళ్ల వల్ల కాలేదు. కిటికీ దగ్గర ఉన్న ఓబుళప్ప రెండు ఫోన్లూ అరుగు మీద పడేసి పెరట్లోకి దూకాడు. ముగ్గురూ కలిసి బండను దొర్లించుకుంటూ తెచ్చారు. నరసక్క మూలన మిగిలిన ఇంకో జాకీ తెచ్చి ఎడమ జాకీ పక్కన నిలబెట్టి, దాని కాలు బండ మీద పెట్టి, చీర కొంగు పళ్లతో పట్టుకుని మర తిప్పింది.

"ఒక్క చుట్టు" అంది రామక్క. "అమ్మా?"

"ఇంకా వదులే."

"ఇంగొక్కటి."

"వస్తోంది. వస్తోంది. ఆగు... ఇంకో అర చుట్టు. చాలు! చాలు మ్మే నరసక్కా, తెంపుతావా ఏమి!"

పోగులు మళ్లీ నా వేళ్ల కింద పాత బిగువుకు వచ్చాయి. రామక్క రాయి లాగేసింది. నానిన మట్టి ముద్ద దభీమని పడింది. కొత్త రాయి సున్నంలో కూర్చుంది. దాని మీద సుత్తి దెబ్బ వేసి, వెనక్కి వాలి, చెమట తుడుచుకుని, "ఇంగ కాఫీ తాగుదాం" అంది.

నేను పద్నాలుగేళ్ల తరువాత నరసక్కకు కాఫీ పోశాను. చక్కెర తక్కువైందని అంది. వేశాను.

ఆశీర్వాదం కుర్చీ నుంచి లేచి వచ్చి కొత్త రాయిని ఎడమ చేత్తో తడిమాడు. చాలాసేపు తడిమాడు. "నేను తియ్ తియ్ అన్యా" అన్నాడు సిగ్గుగా.

"అన్యావులే. నువ్వు పలక మీద కూడా ఏం కాదనే ఎక్కితివి" అంది రామక్క. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో మేం దూరే సందు లేదు.

మిగతా పని మూడు వారాలు. దూలం కొస కింద రాతి కూసం నిలిచింది. గోడకు రెండు వైపులా సున్నం గచ్చు వేసింది, సిమెంటు తాకనివ్వలేదు. పట్టుకు చెమ్మ ఎలాగ అని నేను గొడవ పెట్టుకుంటే, గది నడుమ పడుగు కింద ఒక రాతి తొట్టి పెట్టి, అందులో తడి ఇసుక నింపింది. "చెమ్మ పోగుకు కావల్ల, గోడకు గాదు" అంది. మొదటి వారం రోజుకు పదిసార్లు పోగు తెగితే బాగుండునని చూశాను. ఒక్కసారీ తెగలేదు. పనిమంతురాలి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

కానీ ఓబుళప్ప ఇంకా ఒప్పుకోలేదు. "ఎండాకాలంలో ఏ గోడైనా నిలుస్తాది. వాన రానీ" అన్నాడు. అది న్యాయమైన మాటే అని రామక్క కూడా అంది. వానాకాలం దాకా తనను మేస్త్రి అనవద్దని ఆశీర్వాదానికి కూడా చెప్పింది.

ఆ ఏడు అట్లతద్ది ముందు వాన పట్టింది. నాలుగు రోజులు ఆగలేదు. వీధిలో నీళ్లు అరుగు అంచు దాకా వచ్చాయి. ఐదో రోజు పొద్దున బండికి రామక్క వచ్చింది. ఎవరూ పిలవలేదు. నెత్తి మీద యూరియా సంచి కప్పుకుని, కాళ్ల నిండా బురదతో నేరుగా మగ్గం గదిలోకి పోయింది. మేమంతా వాకిట్లో నిలబడ్డాం. గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కింద నుంచి పైకి అరచెయ్యి పెట్టుకుంటూ పోయింది. తరువాత అటు తిరిగి వీపు ఆనించింది. అలాగే కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు ఉమాశంకర్.

"ఏం కాలేదప్పా. వీపు ఎచ్చగా ఉండాది. రవ్వంతసేపు కూర్చోనీ."

మా కోడలు ఉగ్గాని చేసి తెచ్చేలోగా వీధికి తెలిసిపోయింది. ఒకరి తరువాత ఒకరు వచ్చి గోడ తడిమి పోయారు. గోడ అరచేతుల మరకలతో మాసిపోతుందని నేను అరిచినా ఎవరూ వినలేదు.

ఓబుళప్ప చివరికి వచ్చాడు. గోడ తడమలేదు. గొడుగు మూసి, వక్క లేని నోటితో నిలబడ్డాడు. "మా అమ్మ ఉండే పాత ఇల్లు ఒకసారి చూస్తావా?" అన్నాడు.

పోయాం. నన్నెవరూ రమ్మనలేదు, అయినా పోయాను. ఓబుళప్ప అమ్మ మంచం మీద కూర్చుని, అటు నాలుగు ఇటు నాలుగు గిన్నెలు పెట్టుకుని, కారే నీళ్లు పడుతోంది. రామక్క గోడలు కొట్టింది. బయటకు పోయి పునాది దగ్గర మట్టి కొంచెం గీకింది. దూలం మధ్యలో ఉలి గుచ్చితే పిడి దాకా దిగింది.

"ఇది నా పని గాదప్పా. దీన్ని పడగొట్టల్ల. అవ్వను ఈ పొద్దే బయటికి తీస్కపో."

"కింద రాళ్లు మార్చి, జాకీలు పెట్టి..." అన్నాడు ఓబుళప్ప.

"సరోజమ్మ గోడ నీళ్లు తాగింది, అంతే. అడుగు గట్టిగా ఉండె. దీనికి అడుగే లేదు. నువ్వు కాంట్రాక్టరువి, నీకు తెలీదా?"

"తెలుసు మేస్త్రీ" అన్నాడు ఓబుళప్ప. "నాలుగేండ్లుగా తెలుసు. మా అమ్మకు పుట్టింటోళ్లు ఇచ్చిన మిద్దె ఇది. నాకంటే తెలిసినోళ్లు ఎవరన్నా కాదంటారేమోనని నిన్ను పిలిచినా."

మేస్త్రీ అనే ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత సుళువుగా వచ్చిందంటే, వచ్చిందని ఆయనకే తెలియలేదు. రామక్కకు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాన వైపు తిరిగింది.

ముసలామె లేవనంది. లేస్తే చచ్చిపోతానంది. కొడుకు చెబితే వినలేదు, నేను తిడితే ఎదురు తిట్టింది, నాకు సమానంగానే తిట్టింది. చివరికి రామక్క మంచం పక్కన కూర్చుని, "అవ్వా, నీ ఇంటి రాళ్లు ఒక్కటి కూడా పారెయ్యను. వాటితోనే అడుగు ఏసి, వాటి మీదే మళ్లీ నిలబెడతా. నీ వాకిలి ఇట్లే తూర్పుకు ఉంటాది. నేను తప్ప ఇంగెవరినీ దాని మీద తాపీ పెట్టనీను, సరేనా?" అంది. ముసలామె ఆమె చేతులు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే చూసింది. ఆ తరువాత గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

నలుగురం కలిసి ఆమెను మంచంతో సహా వానలో మా ఇంటికి మోసుకొచ్చాం. దారి పొడుగునా ఆమె మాకు దారి చెబుతూనే ఉంది. వీధిలో అందరికంటే పొడిగా ఉన్న గది మాదే కనుక మగ్గం గదిలోనే మంచం వేశాం. పడమటి గోడ పక్కన. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, పడుగు మీద సగం పూర్తయిన కొత్త చీర అంచును చూస్తూ, వేడి పాలు తాగుతూ, కొడుకును పిలిచింది.

"ఒరే, నా ఇల్లు ఈమెకే ఇడ్సిపెట్టు. నువ్వు నడుమ దూరద్దు."

గదిలో అందరూ ఒక్కసారి నవ్వారు. నరసక్క నవ్వు అన్నిటికంటే పైన వినిపించింది. ఓబుళప్ప కూడా నవ్వాడు, ఇంకేం చేస్తాడు?

రామక్క గంభీరంగా, నిజంగా మేస్త్రీలు ఎలా ఉంటారో అలాగే, ఆయన వైపు తిరిగింది. "వాన తెరిపియ్యగానే నలుగురు మొగోళ్లను పంపప్పా. రాళ్లు మోసేదానికి."

"నలుగురు చాల్తారా మేస్త్రీ?"

"నువ్వు కూడా వస్తే ఐదుగురైతారు" అంది ఆమె.